ఒలకని డబ్బా, ఒలికిన పెట్రోలు

ద్రవంతో నిండిన పాత్రను వంచినప్పుడు లోపలి ద్రవం ధారగా బయటికి రావాలంటే అంతే పరిమాణంలో గాలి లోపలికి పోవాలన్నది ఏ చట్టసభా ఆమోదించకపోయినా అన్ని దేశాల్లోనూ అమలులో ఉన్న నియమం. ఈ నియమానికి గౌరవమిచ్చిన కాలంలో, గడ్డి కోసే యంత్రానికీ జనరేటరుకూ పోసుకోవడానికి అమెరికా ఇళ్లలో పెట్రోలు నిలవచేసే ఎర్ర ప్లాస్టిక్ డబ్బాకు రెండు రంధ్రాలుండేవి: ముందువైపు పొడవాటి మూతి, వెనకవైపు చిన్న బిరడాతో మూసిన గాలి రంధ్రం. మొదటిది పోయడానికి, రెండోది పోయనివ్వడానికి. ఇరవయ్యొకటో శతాబ్దపు తొలి దశకంలో ఆ రెండో రంధ్రం అంతరించి, దాని స్థానంలో ఒక స్ప్రింగు, ఒక గొళ్లెం, ఒక మీట, మూతి మీద అర్థంకాని బాణపు గుర్తులు వెలిశాయి. డబ్బాకు ‘ఒలకనిది’ అన్న బిరుదు దక్కింది. బిరుదులో అసత్యమేమీ లేదు. అది పెట్రోలును ఒలకనివ్వదు; చాలా సందర్భాల్లో పోయనివ్వదు కూడా.

ఈ విద్యలో మానవజాతి వెనకబడి ఉండటం వల్ల ఇలా జరిగిందని అనుకోవడానికి వీల్లేదు. 1930వ దశకం చివర్లో జర్మన్ సైన్యం కోసం రూపొందిన, తర్వాతి రోజుల్లో జెర్రీకేన్‌గా ప్రసిద్ధికెక్కిన ఇరవై లీటర్ల ఉక్కు డబ్బాలో ధార ఆగకుండా లోపలే గాలి గొట్టమూ, పనిముట్టు అవసరం లేకుండా తెరుచుకునే మీట మూతా, ఇద్దరు కలిసి మోయడానికి మూడు పిడులూ అప్పటికే ఉన్నాయి. దాని సంగతి అమెరికాకు తెలిసిన దారి కొంత భారతదేశం మీదుగా పోతుంది: 1939లో పాల్ ప్లైస్ అనే అమెరికన్ ఇంజనీరు ఒక జర్మన్ సహోద్యోగితో కలిసి బెర్లిన్ నుంచి కారులో భారతదేశానికి బయలుదేరినప్పుడు, దారిలో నీళ్లకని ఆ సహోద్యోగి టెంపెల్‌హాఫ్ విమానాశ్రయపు గోదాము నుంచి మూడు డబ్బాలు తెచ్చాడు, ప్లైస్ ప్రయాణం కలకత్తాలో ముగిసింది, కారు అక్కడే ఉండిపోయింది. తర్వాత నమూనా చేతికందిన అమెరికన్ సైనిక నిపుణులు దానిని ఉన్నదున్నట్టు స్వీకరించలేదు, మెరుగుపరిచారు. మెరుగుపరిచిన డబ్బా తెరవడానికి రెంచీ, పోయడానికి గరాటు అవసరమయ్యాయి. బాగా పనిచేస్తున్న డబ్బాను చూసి సహించలేకపోవడం అనే గుణానికి, దీనినిబట్టి, అరవై ఏళ్ల పూర్వచరిత్ర ఉంది.

ఆధునిక అధ్యాయం కాలిఫోర్నియాలో మొదలైంది. ఆ రాష్ట్ర వాయు వనరుల మండలి 1999లో ఆమోదించి 2001 జనవరి నుంచి అమలుచేసిన నిబంధనలకు కారణం వట్టి చాదస్తం కాదు. పెట్రోలు మూత సందుల్లోంచే కాక సాధారణ ప్లాస్టిక్ గోడల గుండా కూడా నెమ్మదిగా బయటికి చొచ్చుకొస్తుంది; అలా గాలిలో కలిసిన హైడ్రోకార్బన్లు, అనగా ఉదజని, కర్బనాలతో ఏర్పడిన ఇంధన ఆవిర్లు, ఎండలో నత్రజని ఆక్సైడ్లతో చర్య జరిపి నేలమట్టపు ఓజోన్‌ను పుట్టిస్తాయి, అది ఊపిరితిత్తులను బాధిస్తుంది. లాస్ ఏంజెలెస్ పొగమంచును కళ్లారా చూసినవారెవరూ ఈ ఆందోళనను ఎగతాళి చేయలేరు. కనుక డబ్బాకు నింపడానికీ పోయడానికీ కలిపి ఒక్కటే రంధ్రం ఉండాలనీ, చేయి తీయగానే మూతి తనంత తానే మూసుకోవాలనీ, యంత్రపు ట్యాంకు నిండగానే ధార తనంత తానే ఆగిపోవాలనీ మండలి ఆదేశించింది. ఇందులో మూడో ఆదేశం పంపు దగ్గరి గొట్టానికి సాధ్యమే గాని చేత్తో వంచే డబ్బాకు అంత సులభం కాదు. ట్యాంకులన్నీ ఒక కొలతలో ఉండవు, నిండినదీ లేనిదీ మూతికి తెలియదు, తెలిసేలోగా పెట్రోలు యంత్రం మీదా, గడ్డి మీదా, యజమాని చెప్పుల మీదా సమానంగా పంపిణీ అవుతుంది. వినియోగదారుల మొర విన్న మండలి 2007 నుంచి అమలైన సవరణలో ఆ ఆదేశాన్ని విరమించుకుంది. ప్రభుత్వ సంస్థల చరిత్రలో ఇది అరుదైన వినయమే గాని, అప్పటికే స్ప్రింగు మూతి దేశాటనకు బయలుదేరింది.

దాని వాడకపు పద్ధతిని శాస్త్రీయంగా వర్ణించవలసి ఉంది. అయిదు గ్యాలన్ల డబ్బాలో పట్టేది దాదాపు పందొమ్మిది లీటర్లు, నిండితే బరువు పధ్నాలుగు కిలోలకు తక్కువ కాదు. ఆ బరువును ఒక చేత్తో గాలిలో నిలిపి, రెండో చేతి బొటనవేలితో గొళ్లెం వెనక్కి లాగి, మూతి చివరనున్న కొక్కేన్ని ట్యాంకు అంచుకు తగిలించి, స్ప్రింగు లొంగేదాకా డబ్బాను కిందికి నొక్కాలి. యంత్రం ప్లాస్టిక్‌తో చేసినదైతే డబ్బా లొంగకముందే యంత్రం లొంగుతుంది. ఇన్నీ కుదిరాక పెట్రోలు ధారగా కాక గుటకలు గుటకలుగా, మధ్యమధ్య గాలి పీల్చుకోవడానికి ఆగుతూ వస్తుంది, ఎందుకంటే వచ్చేదీ పోయేదీ ఒకే ద్వారం. ఎనిమిది మంది పృచ్ఛకులను ఏకకాలంలో సంతృప్తిపరిచే అవధానం తెలుగువారికే సొంతమని సాహిత్య చరిత్రకారులు రాస్తూ వచ్చారు; టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొనుక్కుని, గడ్డి ఎత్తు పెరిగితే కాలనీ సంఘం నుంచి తాఖీదు వస్తుందన్న భయంతో శనివారం ఉదయం గరాజులో నిలబడిన తెలుగు ఇంజనీరు ఆ కళను పూర్వ పరిచయం లేకుండానే అభ్యసిస్తున్నాడు. అప్రస్తుత ప్రసంగం చేసే పాత్రను స్ప్రింగు పోషిస్తుంది.

ఇక్కడ చిన్న లెక్క అవసరం. అమెరికా కేంద్ర పర్యావరణ పరిరక్షణ సంస్థ 2007 ఫిబ్రవరిలో వెలువరించి, 2009 జనవరి 1 నుంచి తయారయ్యే డబ్బాలన్నిటికీ వర్తింపజేసిన నిబంధన ప్రకారం, డబ్బా నుంచి రోజుకు గ్యాలనుకు 0.3 గ్రాముకు మించి ఆవిరి బయటికి పోరాదు. అంటే అయిదు గ్యాలన్ల డబ్బాకు అనుమతించిన దినసరి నష్టం గ్రామున్నర. పోసేటప్పుడు పెద్ద చెంచాడు, అనగా పదిహేను మిల్లీలీటర్లు, కింద పడితే పోయేది సుమారు పదకొండు గ్రాములు. వారం రోజులు ఇంద్రియ నిగ్రహంతో కదలకుండా కూర్చునే డబ్బాకు అనుమతించిన నష్టమంతా ఒక్క గుటకలో చెల్లిపోతుంది. ప్రయోగశాలలో డబ్బాకు పెట్టే ఈ ఆవిరి పరీక్ష మూత బిగించి, కదపకుండా ఉంచి చేసేది. ఆ స్థితిలో ఆధునిక డబ్బా నిజంగానే నిష్కళంకమైనది. డబ్బా అనే వస్తువు ఎందుకు పుట్టిందో ఆ పని చేసే అర నిమిషానికి మాత్రం అంత శ్రద్ధగల కొలత ఏర్పడలేదు. నిబంధనల కర్తలను దుష్టులుగానో మూర్ఖులుగానో చిత్రించడం కాలమిస్టులకు అలవాటు, కాని ఇక్కడ జరిగింది అంతకంటే సాదా తప్పు: కొలవడానికి వీలైనదాన్ని కొలిచారు.

ఆవిరి తర్వాత పిల్లల వంతు వచ్చింది. 2008లో అమెరికా చట్టసభ పెట్రోలు డబ్బాలకు పిల్లలు తెరవలేని మూతలు ఉండాలని శాసించింది. ఈ శాసనానికి పూర్వజన్మ 1970 నాటి విషప్రమాద నివారణ ప్యాకింగ్ చట్టంలో ఉంది. మందు సీసాలకు ఆ చట్టం కింద జరిగే పరీక్ష మానవ మేధస్సు గురించి ఆలోచింపజేసేది. మూడున్నర నుంచి నాలుగుంపావు ఏళ్ల వయసు పిల్లలను జంటలుగా కూర్చోబెట్టి సీసా చేతికిస్తారు, అయిదు నిమిషాలు చూస్తారు, తెరవలేకపోతే ఎలా తెరవాలో చేసి చూపిస్తారు, కావాలంటే పళ్లతోనూ ప్రయత్నించవచ్చని చెప్పి మరో అయిదు నిమిషాలు ఇస్తారు. నూటికి ఎనభై మంది అప్పటికీ ఓడిపోతే సీసా గెలిచినట్టు. ఇంతవరకు ఆక్షేపించవలసిందేమీ లేదు. ఆ చట్టం పసిప్రాణాలను కాపాడింది. విశేషం రెండో సగంలో ఉంది. పెద్దలు తెరవగలరో లేదో చూసే పరీక్షకు తొలి పాతికేళ్లూ పిలిచింది 18 నుంచి 45 ఏళ్లవారిని, అనగా మందు సీసాలతో అంతగా పనిలేని వారిని. కీళ్లనొప్పుల మాత్రల కోసం కీళ్లనొప్పుల చేతులతో సీసాతో కుస్తీ పట్టలేని వృద్ధులు మూత ఊడదీసి పక్కన పడేశారు. మనవలు వచ్చినప్పుడు ఆ సీసా బల్ల మీద నోరు తెరుచుకుని ఉండేది. 1995లో పరీక్షకు 50 నుంచి 70 ఏళ్లవారిని పిలవాలని నిబంధన మార్చాక, చిన్నారిని ఆపి తాతను ఆపని మూతలు తయారయ్యాయి.

పెట్రోలు డబ్బా విషయంలో తాతలు ఇంకా ప్రత్యామ్నాయాల మీదే ఆధారపడుతున్నారు. ఒక వర్గం డబ్బా వీపున డ్రిల్లుతో రంధ్రం చేసి, టైరుకు గాలి కొట్టే వాల్వును అందులో బిగించి, తాతల నాటి భౌతికశాస్త్రాన్ని పునరుద్ధరిస్తుంది. ఇంకో వర్గం దుకాణంలో ‘బహుళ ప్రయోజన పాత్ర’ అన్న పేరుతో, ఇంధనానికి వాడరాదన్న చీటీతో అమ్ముడయ్యే చదరపు డబ్బాను కొంటుంది. దానికి బారెడు గొట్టమూ, గాలి రంధ్రమూ, పెట్రోలు డబ్బాకు నిషేధమైన సకల సుఖాలూ ఉంటాయి. అమ్మేవాడు నీళ్లకంటాడు, కొనేవాడు నీళ్లకే అంటాడు, ఇద్దరూ పంపు దగ్గర మళ్లీ కలుస్తారు. ఫలితంగా, చట్టాన్ని నమ్మి అసలు డబ్బా కొన్నవాడి చెప్పులే తడుస్తున్నాయి, ఆవిరిని ఆపని డబ్బా గరాజులో యథేచ్ఛగా ఆవిరవుతోంది.

వ్యంగ్యానికి లొంగని విషయం ఒకటి ఈ కథలో ఉంది. డబ్బాతో జరిగే ఘోరమైన ప్రమాదం పోసేటప్పుడే జరుగుతుంది: మూతి దగ్గరి ఆవిరి అంటుకుని, మంట లోపలికి పాకి, డబ్బా మంటలు కక్కుతుంది. దీనికి విరుగుడు జ్వాలా నిరోధకం, అనగా మంట వేడిని పీల్చి దాటనివ్వని సన్నని జల్లెడ వంటి తెర; కర్మాగారాల్లో వాడే లోహపు భద్రతా డబ్బాల్లో ఇది దశాబ్దాలుగా ఉంది. ఇళ్లలో వాడే ప్లాస్టిక్ డబ్బాలకు అది లేదన్న వ్యాజ్యాల భారంతో ఓక్లహామా రాష్ట్రంలోని మయామి పట్టణానికి చెందిన, ఆ రంగంలో అగ్రగామిగా ఉన్న బ్లిట్జ్ కంపెనీ 2011లో దివాలా పిటిషన్ వేసి, మరుసటి ఏడు మూతపడింది. ఆ తెరను తప్పనిసరి చేసే చట్టం 2020 డిసెంబరులో వచ్చి 2023 జులైలో అమల్లోకి వచ్చింది. గ్రాములో మూడోవంతు ఆవిరికి ఉన్న తొందర మంటకు లేకపోయిందని దీనినిబట్టి తెలుస్తోంది. ఆవిరి నిలకడగా ఉన్న డబ్బాలో కొలతకు దొరుకుతుంది. మంట పోసేటప్పుడు గాని కనబడదు.

ఇంటిలోని మిగతా వస్తువులూ ఇదే బడిలో చదువుకున్నాయి. గిన్నెలు తోమే యంత్రపు సబ్బులోని ఫాస్ఫేట్లు నదుల్లో నాచును పెంచుతాయన్నది నిజం. వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పొకేన్ కౌంటీ 2008లో వాటిని నిషేధించగా, తెల్లమసక పట్టిన గాజు గ్లాసులను చూసి గుండె బద్దలైన గృహస్థులు కారులో పక్కనున్న ఐడహో రాష్ట్రానికి వెళ్లి పాత సబ్బు తెచ్చుకున్నారు. నదికి మిగిలిన ఫాస్ఫేటు ఎంతో గాని, రహదారి మీద కాలిన పెట్రోలు దానికి అదనం. మరుగుదొడ్డి కథ ఇంకా గొప్పది, ఎందుకంటే దానికి మాత్రమే మోక్షం లభించింది. 1992 నాటి ఇంధన విధాన చట్టం ఒక్కో విడతకు వాడే నీటిని 1.6 గ్యాలన్లకు, దాదాపు ఆరు లీటర్లకు కుదించింది. 1994 నుంచి వచ్చిన తొలి తరం తొట్లు ఒకసారికి బదులు రెండుసార్లు మీట నొక్కించుకుని నీటి పొదుపును గణితపరంగా రద్దు చేశాయి, కెనడా నుంచి పాత తొట్లను సరిహద్దు దాటించినవారూ ఉన్నారు. లోపం పరీక్షలో ఉంది: ప్లాస్టిక్ గోళీలనూ గుళికలనూ కొట్టుకుపోనివ్వడంలో ఆ తొట్లు ఉత్తీర్ణమయ్యాయి, అయితే మనుషులు గోళీలను విసర్జించరు. 2003లో ఉత్తర అమెరికాలో మొదలైన స్వతంత్ర పరీక్షలో సోయా ముద్దను, రూపంలోనూ సాంద్రతలోనూ వాస్తవానికి దగ్గరగా తీర్చి, తొట్టిలో వేసి చూశారు. ఫలితాలు ప్రకటించిన కొద్ది ఏళ్లలో తయారీదారులు తొట్ల లోపలి మలుపులను మార్చుకున్నారు; అదే ఆరు లీటర్లతో, కొన్నిట అంతకంటే తక్కువతో, పని మొదటిసారికే జరుగుతోంది. చట్టం అక్షరం మారలేదు. పరీక్షలో ముద్ద మారింది.

పెట్రోలు డబ్బాకు ఇంకా సోయా ముద్ద దొరకలేదు గాని, 2025 జులైలో పర్యావరణ పరిరక్షణ సంస్థ తయారీదారులను ఉద్దేశించి చేసిన ప్రకటన ఈ సాహిత్యానికి విలువైన చేర్పు. డబ్బాలకు గాలి రంధ్రం పెట్టవలసిందిగా సంస్థ అందులో ప్రోత్సహించింది. తనంత తానే మూసుకునే రంధ్రానికి కేంద్ర నిబంధనలు అడ్డు కావని కూడా తెలియజేసింది. అంటే 2009 నుంచి గరాజుల్లో ప్రభుత్వానికి తగిలిన శాపనార్థాల్లో గణనీయమైన భాగం, రంధ్రం పెట్టని కంపెనీలకు చేరవలసినది, చిరునామా తప్పి వెళ్లింది. ఆ ప్రకటనలో కొత్త నిబంధన ఏదీ లేదు. ఉన్న నిబంధనను ఒకసారి చదువుకొమ్మన్న సలహా ఉంది.