ముంజకాయల బండి: టీకా తాత్పర్య సహితం

ముంజ తినిన పిదప మూతిని తుడువక
రెండు కాయలందు రివ్వ గుచ్చి
పంగ కర్ర నొకటి పైనుంచి నెట్టిన
బండి కదలిపోవు బాట వెంట

ప్రతిపదార్థం: ముంజ తినిన పిదప = లేత తాటికాయలోని ముంజలను బొటనవేలితో తోడి జుర్రుకున్నాక; మూతిని తుడువక = కారిన నీరు గడ్డం మీద ఉండగానే; రెండు కాయలందు = ఖాళీ అయిన రెండు కాయలలో; రివ్వ గుచ్చి = జానెడు పుల్లను ఇరుసుగా దూర్చి; పంగ కర్రను = కొన రెండుగా చీలిన పొడుగు కర్రను; పైనుంచి నెట్టిన = ఇరుసు మీద ఆనించి తోస్తే; బండి = బండి; బాట వెంట = దారి పొడుగునా; కదలిపోవు = పోతుంది.

టీక: "తినిన పిదప" అనడంలోనే మర్మమంతా ఉంది. తిన్నవాడికే చక్రం. ఒకడు తినగా మరొకడు తోలడం శాస్త్రసమ్మతం కాదు; అన్నదమ్ములున్న ఇళ్లలో ఈ నియమం చెల్లుబాటు కావడం లేదనుకోండి.

"తుడువక" అన్నది తొందరను సూచిస్తుంది. కాయ పచ్చిగా ఉన్నప్పుడే దాని పీచు పుల్లను బిగించి పట్టుకుంటుంది. ఎండకు వడిలితే ఇరుసు వదులవుతుంది. తల్లులు ఇక్కడ "తుడిచియే" అని పాఠాంతరం చెబుతారు. గణాలు సరిపోతున్నాయి గనుక కాదనలేం.

రివ్వ ఎక్కడ గుచ్చాలో మూలం చెప్పలేదు. ఇది క్షమించరాని లోపం. కాయకు సాధారణంగా మూడు ముంజలు. అవి తీసేశాక మిగిలే మూడు గుంటల నడుమ పీచు గట్టిగా ఉంటుంది. పుల్ల దిగవలసింది సరిగ్గా అక్కడ. గుంటలో గుచ్చితే బండి కుంటుతుంది. ఒంటి ముంజ కాయలో ఆ నడిమి దొరకదు కనుక అది చక్రానికి పనికిరాదని నా మతం.

మరో సందేహం: తిరిగేది ఇరుసా, చక్రమా? రెండూను. కాయలు పుల్లకు బిగిసి ఉండి, దానితో కలిసే పంగ కింద దొర్లుతాయి. రైలు చక్రాలదీ ఇదే పద్ధతి. పట్టాలు లేని చోట మాత్రం మలుపు కష్టం. వెలుపలి కాయ ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ, ఇరుసేమో ఒక్కటే. ఏదో ఒకటి నేలమీద ఈడ్చుకుపోక తప్పదు. అనుభవజ్ఞులు మూల రాగానే బండిని కాలితో సర్దుకుంటారు.

పూర్వపక్షం: తాటాకు గిరక, కొబ్బరాకు బూర ఉండగా ఈ శ్రమ దేనికి? సమాధానం: వాటిని తినలేం.

తాత్పర్యం: పిల్లవాడు ముంజలు తిని బండి తోలుకుంటూ పోయాడు.

విశేషం: పట్నంలో ముంజలు ఒలిచి డజన్ల లెక్కన అమ్ముతారు. చక్రాలు అమ్మేవాడి దగ్గరే కుప్పపడి ఉంటాయి. అడిగితే ఊరకే ఇస్తాడు; కత్తివేటుకు చీలనివి ఏరుకోవాలి. వాటి ముంజలు ఎవరి కడుపులో పడ్డాయో తెలియదు గనుక మొదటి పాదం చెల్లదు. మిగిలిన మూడు పాదాలతోనే బండి నడుస్తుంది.