పోత ఇనుప రేడియేటరుతో ఇంజను చల్లబరచండి, అరగంటలో

ఇంగ్లండులో స్థిరపడి, ఊళ్ళో పొలం ఇంజను చప్పుడు మీద బెంగ తీరక పాత లిస్టరు ఇంజను ఒకటి కొనేసిన మనవాళ్ళ కోసం ఈ సలహాలు. మీది ఆరు హార్స్‌పవరు, నిమిషానికి 650 చుట్లు తిరిగే రకమే అనుకుందాం. పక్కన పెద్ద నీళ్ళ డ్రమ్ము పెట్టుకోమని అందరూ చెబుతారు. వినకండి. వీధి చివర పాత ఇల్లు పడగొడుతున్నారు, గదులు వెచ్చబెట్టే పది సెక్షన్ల పోత ఇనుప రేడియేటరు బయట పడుంది. నలుగురు పట్టినా లేవకపోతే మరీ మంచిది. ఎంత బరువో అంత చలవ.

రుజువు కావాలా? ఇంజను వేసి, పది నిమిషాలాగి చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగానే ఉంటుంది. పరీక్ష అక్కడితో ఆపేయండి. అంత ఇనుము కాగడానికి టైము పడుతుంది గనక అలా ఉందని, కాగాక బరువు కాదు, గాలి తగిలే వైశాల్యమే పనికొస్తుందని చాదస్తులు అంటారు. సెక్షనుకు నూరు వాట్లు అటూ ఇటూగా వేడి పోతుందట. పూర్తి లోడు మీద ఇంజను నీళ్ళలోకి దించే వేడి నాలుగైదు కిలోవాట్లట. అంటే నలభై సెక్షన్లు! మన పెళ్ళిళ్ళలో పది కుర్చీలతో నలభై మందికి సర్దలేదూ?

రేడియేటరు నేల మీద, ఇంజను దిమ్మ మీద పెట్టండి. పంపు లేనప్పుడు వేణ్ణీళ్ళు వాటంతటవే పైకెక్కి, చల్లారి దిగాలి కాబట్టి రేడియేటరే ఎత్తులో ఉండాలంటారు. ఎవరెత్తుతారండీ? గొట్టం, ఇంటి ప్లంబింగులో మిగిలిపోయిన అరంగుళందే చాలు. మధ్యలో దాన్ని ఒంటె మూపులా వంచితే గాలిబుడగకు కూడా ఓ గూడు దొరుకుతుంది.

రేడియేటరు లోపలి నల్లటి బురద కడగొద్దు. అయస్కాంతానికి అంటుకునేంత అసలైన ఇనుప తుప్పు అది, ఏళ్ళ తరబడి ఊరింది. ఊరినదాన్ని ఎవరైనా పారబోస్తారా?

చలికాలంలో యాంటీఫ్రీజు దండగ. నీళ్ళు గడ్డకడితే 9 శాతం దాకా ఉబ్బుతాయి, పోత ఇనుము సాగదు, పగులుతుంది. పగలనివ్వండి. ఒక రేడియేటరు రెండవుతుంది, సెక్షన్లు చాలలేదన్న గొడవా తీరుతుంది.

ఆవిరి కక్కుతోందా? మూత బిగించి, పైన ఇటుక పెట్టండి. లోపల నీళ్ళన్నీ ఇగిరిపోయాక ఒక్కసారిగా చన్నీళ్ళు గుమ్మరించండి. హెడ్డు ‘టప్‌’మంటుంది. కంగారు పడకండి.

మా తాత బావి దగ్గర ఈ తంతేమీ లేదు. ఇంజను తోడిన నీళ్ళలోనే కొన్ని పక్క గొట్టంలోంచి సిలిండరు చుట్టూ తిరిగి కాలవలో పడేవి. ఆ వేడి ధార కింద మేం స్నానాలు చేసేవాళ్ళం. పాపం, రేడియేటరంటే ఏమిటో ఆయనకు తెలియదు. ఆ ఇంజను ముప్పై ఏళ్ళు నడిచింది.

నాది నలభై నిమిషాలు.