ఓపీ రిజిస్టరు చెప్పిన సంగతి

ఎర్ర అట్ట, నీలం గీతలు. నేను ఓపీ రిజిస్టర్ని. ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఒక సర్కారీ ఆసుపత్రిలో, మనసు బాగాలేనివాళ్ళూ తాగుడు మానాలనుకునేవాళ్ళూ వచ్చే గదిలో ఉంటాను. సరిహద్దు దాటి కర్ణాటక మద్యం ప్యాకెట్లు దొంగచాటుగా వస్తాయి, పనుల్లేక జనం గుంటూరు మిరప కోతలకు వలస, మా మాటలో సుగ్గికి, పోతారు. నాలో సగం పేజీలు ఈ రెండింటి కథే.

మొన్న పెద్దకడుబూరు వైపు నుంచి ఒకామె వచ్చింది.

"మీ ఆయన ఏడమ్మా?"

"సుగ్గికి పోయినాడు సిస్టరమ్మా. ఉగాదికి గానీ రాడు. మాత్రలిస్తే ఎవరితోనన్నా పంపిస్తా. మూడు నెల్లాయె, చుక్క ముట్టలే."

సిస్టర్ పెన్ను ఆగింది. కొత్త కేసుకు గడి ఉంది, పాత కేసుకు ఉంది. చుక్క ముట్టకపోవడానికి లేదు. చివరికి అతను 'రాలేదు' కింద పడ్డాడు.

అతని పేరే మళ్ళీ నెలవారీ రిపోర్టులోకి, డీఅడిక్షన్ పట్టీలోకి, కంప్యూటర్లోకి, ఆపైన ఎవరో అడిగితే వాట్సాప్‌లోకి ఎక్కుతుంది. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది, అయినా సరే! ఇన్నిచోట్ల లెక్కలు రాయాలి గనక నెలాఖరున కౌన్సిలర్ కూడికల్లో మునిగితే బయట బెంచీ నిండిపోతుంది.

నా పూర్వీకులది బళ్ళారి. 1953 దాకా ఆదోని ఆ జిల్లాలోదే కదా. 1980ల్లో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు బళ్ళారి జిల్లాలో పీహెచ్‌సీ డాక్టర్లకూ కార్యకర్తలకూ శిక్షణ ఇచ్చారు. కొద్దిరకాల మందులు, సాదా కేసు కాగితం, నెలకో రిపోర్టు పెట్టారు. జిల్లా బృందం ఆ రిపోర్టు చూసి తిరిగి సలహా చెప్పేది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. నాకు నచ్చేది ఆ 'తిరిగి' చెప్పడమే. నా అంకెలు పైకి పోవడమే గానీ, జవాబు రావడం నేనెరగను.

ఫారాలు గీసే సార్లూ, మేడమ్‌లూ! నాకు నాలుగు గడులు చాలు: ఎవరొచ్చారు, మాత్రలు అందాయా, మూడో నెలలో ఎలా ఉన్నారు, సుగ్గికి పోతే ఏ ఊరికి. ఒక్కసారి రాయించండి, మిగతా లెక్కలు కంప్యూటరే కూడుకుంటుంది. నెలకోసారి చదివి రెండు ముక్కలు జవాబు రాయండి. గుంటూరులో ఏ ఆసుపత్రిలో ఆ పెద్దకడుబూరు ఆయనకు మాత్రలు ఇస్తారో ముందు అది చెప్పండి.