నా జానురక్ష, ఒక చీర అంచు

మా ఇంట్లో అటక మీద ఒక అట్టపెట్టె ఉంది. అందులో పదకొండు మోకాలి పట్టీలున్నాయి. పన్నెండోది క్లినిక్‌లో నా బల్ల మీద, ప్రతి రోగికీ కనబడేలా ఉంటుంది. అదెందుకు అక్కడుందో ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. ఇలాంటి పొరపాటు ఏదో ఒకటి మీకూ జరిగే ఉంటుంది కాబట్టి నన్ను అర్థం చేసుకుంటారని నమ్మకం.

నేను స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్ని. పెళ్లిళ్లలో బంధువులు "అంటే ఆటగాళ్లకు బలం మందులిస్తావా?" అని అడుగుతుంటారు. కాదు, ఆటలో దెబ్బతిన్న కండలు, కీళ్లు, టెండన్లు మళ్లీ ఆటకు పనికొచ్చేలా చూడటం మా పని. 2001లో బ్యాడ్మింటన్ ఆటగాడు గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచినప్పుడు నేను వైద్య విద్యార్థిని. మోకాలు దెబ్బతిని, ఆపరేషన్ బల్లెక్కి దిగిన మనిషి ప్రపంచాన్ని గెలిచాడన్న వార్త చదివి ఆ రాత్రి నిద్రపోలేదు. నా జీవితం మోకాళ్లకే అంకితమని అప్పుడే నిశ్చయించుకున్నాను. అంతవరకూ బాగానే ఉంది.

చిక్కంతా పేరు దగ్గర వచ్చింది. మా చదువులో చాలా పరికరాలు మనుషుల పేర్లతోనే ఉంటాయి. తొడ ఎముక విరిగితే థామస్ స్ప్లింట్. ఎముకలో సన్న తీగ దించితే కిర్ష్‌నర్ వైర్. పరీక్షల కోసం ఆ పేర్లు బట్టీ పట్టేటప్పుడే ఒక పురుగు బుర్రలో దూరింది. థామస్ ఉన్నాడు, కిర్ష్‌నర్ ఉన్నాడు, మనమెందుకు ఉండకూడదు? రోగి నొప్పి కంటే ముందు నా పేరు మొదలైంది. నా తప్పులన్నిటికీ తల్లివేరు అదే.

నలభై దాటాక ఆ పురుగు రెక్కలు విప్పింది. బాలానగర్‌లో లేత్ మిషన్ నడిపే ఒక మేస్త్రిని పట్టుకున్నాను. ఎనిమిది నెలల ఆదివారాలు ఆయన షెడ్డులోనే గడిచాయి. రెండు వైపులా అల్యూమినియం మడతబందులు, వాటిలో స్ప్రింగులు, లోపల వేడినిచ్చే మెత్త, పక్కన బ్యాటరీ, ఆన్ అయితే వెలిగే ఎర్రలైటు. దానికి 'జానురక్ష' అని పేరు పెట్టి, కింద నా ఇంటిపేరు చెక్కించాను. ఖర్చు లక్షా డెబ్భై వేలు. మా ఆవిడ గాజులకని కట్టిన చిట్టీ అందులోనే కలిసిపోయింది.

మొదటిది పూర్తయిన రోజు మేస్త్రి దాన్ని అరచేతిలో పెట్టుకుని ఒకసారి పైకీ కిందకీ ఊపాడు.

"ఇది ఎగిరేవాళ్లకా సార్?"

"అవును మేస్త్రీ. వాలీబాల్, బాస్కెట్‌బాల్, కబడ్డీ..."

ఆయన ఏమీ అనలేదు. బల్ల మీద పెట్టి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఆ మౌనాన్ని నేను మెచ్చుకోలు అనుకున్నాను.

అదే నెలలో సూర్యాపేట వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది. డిగ్రీ రెండో ఏడు, వాలీబాల్ ఆడుతుంది. ఎగిరి దిగినప్పుడల్లా మోకాలిచిప్ప కింద సూదితో పొడిచినట్టు నొప్పి. జంపర్స్ నీ అంటాం. మోకాలిచిప్ప నుంచి కాలి ముందెముక దాకా బలమైన తాడులాంటి టెండన్ ఉంటుంది. ఎగిరి దిగే భారమంతా దాని మీదే పడుతుంది. ఓపికకు మించి, విరామం లేకుండా లాగితే దాని అల్లిక దెబ్బతింటుంది. దీనికి వైద్యమేమిటో నాకు బాగా తెలుసు. గెంతులు కొన్నాళ్లు తగ్గించాలి. తొడకండ బిగించి 45 సెకన్లు అలాగే ఆపాలి, అలా 5 సార్లు. నొప్పి దారికొచ్చాక నెమ్మదిగా బరువులు పెంచాలి. కనీసం మూడు నెలల ఓపిక కావాలి. టెండన్‌ను మళ్లీ గట్టిపరిచేది భారమే, కొలత ప్రకారం ఇచ్చే భారం.

తెలిసీ ఏం చేశానో వినండి. వ్యాయామం గురించి ఒక్క ముక్క చెప్పాను. జానురక్ష గురించి అరగంట చెప్పాను. వ్యాయామం మీద నా ఇంటిపేరు లేదుగా.

వారం తర్వాత "ఎలా ఉందమ్మా?" అన్నాను. "తగ్గింది సార్" అంది. ఇంకో వారానికి "బాగా తగ్గింది సార్" అంది. నాకు రెక్కలొచ్చాయి. ఆమె జట్టు పోటీకి దిగే రోజున, పెట్టుబడి పెడతానన్న ఒక పెద్దమనిషినీ, ఒక వీడియో కుర్రాణ్నీ వెంటబెట్టుకుని వెళ్లాను. గ్యాలరీలో కూర్చోగానే మొదలుపెట్టాను. చూడండి సార్, ఆ ఆరో నంబరు అమ్మాయి, రెండు వారాల క్రితం మెట్లెక్కలేకపోయేది, ఇప్పుడు చూడండి ఆ ఎగురుడు! అమ్మాయి నిజంగానే ఎగురుతోంది. వీడియో నడుస్తోంది. పెద్దమనిషి కళ్లజోడు సర్దుకుని "మరి మీ పరికరమేది డాక్టరుగారూ?" అన్నారు. చూశాను. కుడి మోకాలికి లేదు. ఎడమ మోకాలికీ లేదు. మోకాలిచిప్ప కింద మెరూన్ రంగు గుడ్డపేలిక ఒకటి బిగించి ఉంది. మెట్లు రెండేసి చొప్పున దూకి కిందికి పరుగెత్తాను. కెమెరా కుర్రాడు నా వెనకే. స్కోరు రాసే బల్ల దగ్గరికెళ్లి చూద్దును కదా, గాలికి కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద బరువుగా పెట్టి ఉంది నా జానురక్ష! ఎర్రలైటు వెలుగుతూనే ఉంది.

టైమౌట్‌లో ఆ పిల్ల నన్ను చూసి బిక్కచచ్చిపోయింది. "క్షమించండి సార్. అది పెట్టుకుంటే ఎగరలేకపోతున్నా. మీరు బాధపడతారని చెప్పలేదు" అంది.

"మరి ఆ గుడ్డ?"

"అమ్మ పాత చీర అంచు సార్. మా సీనియర్ అక్క ఇలాగే కట్టుకునేది."

పెద్దమనిషి నా వెనకే నిలబడి అంతా విన్నారు. భూమి రెండుగా చీలి నన్ను లోపలికి తీసుకుంటే బాగుండనిపించింది.

ఇంటికెళ్తూ సందు చివర కిరాణా కొట్టులో దాన్ని కాటాలో పెట్టించాను. కిలో 150 గ్రాములు. కందిపప్పు కిలో పొట్లం దాని కంటే తేలిక. నడుముకు కట్టుకున్న బరువు కంటే కాలికి తగిలించిన బరువు ఎక్కువ అలసట తెస్తుందని విద్యార్థులకు పాఠం చెప్పేవాణ్ని నేను. చేసిందాన్ని తూచి చూడాలని మాత్రం ఎనిమిది నెలల్లో ఒక్కసారీ తోచలేదు.

ఆ రాత్రి కలాం గారు పదేపదే చెప్పిన సంగతి గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఇదే హైదరాబాద్‌లో ఆయన క్షిపణుల పనిలో ఉన్నప్పుడు నిమ్స్ నుంచి ఒక ఎముకల డాక్టరు వచ్చి, అగ్ని కోసం తయారైన తేలికపాటి పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశారు. చూసి ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ చిన్నపిల్లలు మూడు కిలోల పైబడిన లోహపు క్యాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో వాటి స్థానంలో 300 గ్రాములవి వచ్చాయి. ఆ డాక్టరు ముందు ఎత్తి చూసింది బరువు. వెంటనే తలుచుకున్నది పిల్లల కాళ్లు. నేను ముందు చూసుకున్నది ఇంటిపేరు చెక్కడానికి చోటుందా అని.

తర్వాతి ఆదివారం మేస్త్రి దగ్గరికెళ్లాను. "ఆ రోజే అనుకున్నా సార్. మీరంత సంబరంగా ఉంటే నోరు రాలేదు" అన్నాడు. ఆ అమ్మాయి చెప్పని కారణమూ, ఈయన చెప్పని కారణమూ ఒకటే. జైపూర్ కాలు అనే కృత్రిమ పాదం పుట్టింది ఒక సర్జన్, ఒక హస్తకళాకారుడు కలిసి పనిచేయబట్టి. డాక్టర్ సేథీకి రామచంద్ర శర్మ చేతి పనితనం తోడైంది. గొంతుక్కూర్చునే, చెప్పుల్లేకుండా మట్టిలో నడిచే మన మనుషులకు తగిన రబ్బరు పాదం అలా తయారైంది. నా పక్కనా ఒక రామచంద్ర శర్మ ఎనిమిది నెలలు నిలబడ్డాడు. నేనే అడగలేదు.

మన దేశంలో డాక్టరుతో "తగ్గింది సార్" అన్న మాటకు చాలాసార్లు అర్థం "మీరంటే గౌరవం సార్" అనే. నొప్పి సంగతి అందులో ఉండదు. ఆ మర్యాదను పట్టుకుని నా పరికరం పనిచేసిందని నమ్మాను. పెద్దరికం ఉన్న ప్రతి చోటా, తండ్రికీ టీచరుకూ ఆఫీసరుకూ కూడా, ఈ గోతి పక్కనే ఉంటుంది.

ఇదంతా బయటికి చెప్పే ధైర్యం గేబ్ మిర్కిన్ వల్ల వచ్చింది. బెణికితే విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తు అన్న సూత్రానికి 1978లో 'రైస్' అని పేరు పెట్టిన అమెరికా స్పోర్ట్స్ డాక్టరు ఆయన. ప్రపంచమంతా దాన్ని పాటించింది. మూడున్నర దశాబ్దాల తర్వాత, ఐసు వల్ల గాయం మానడం ఆలస్యం కావచ్చని ఆయనే రాశాడు. అంత పేరు తెచ్చిన మాటనే ఆయన సరిదిద్దుకున్నాడు. నాది పదకొండు పట్టీల అట్టపెట్టె.

ఆ అమ్మాయిని మళ్లీ పిలిపించి, చెప్పాల్సిన వైద్యం ఈసారి అరగంట చెప్పాను. చీర అంచు ఉంచుకోమన్నాను. మోకాలిచిప్ప కింద కట్టే పట్టీ టెండన్ మీద ఒకేచోట పడే లాగుడును కొంత తగ్గించి ఉపశమనమిస్తుంది, రోగాన్ని మాత్రం నయం చేయదు. నయం చేసింది ఆమె తొడకండలు, ఆమె పట్టుదల. నాలుగో నెలలో ఆ అంచు కూడా లేకుండానే ఆడింది.

ఇప్పుడూ పరికరాలు చేస్తున్నాను. ఆ పిచ్చి పోలేదు, పోవాలనీ లేదు. మేస్త్రి ముందు తూస్తాడు, తర్వాతే నేను చూస్తాను. రోగులు రెండోసారి వచ్చినప్పుడు "ఎలా ఉంది?" అని అడగడం మానేశాను. బల్ల మీది జానురక్షను చూపించి, "నేనిచ్చింది ఎక్కడ దాచేశావమ్మా?" అంటాను.

మొన్న ఒక కబడ్డీ కుర్రాడు కాసేపు తటపటాయించి, "బీరువా మీద సార్, చెమటకి జారిపోతోంది" అన్నాడు.

వెంటనే కాగితం తీసి రాసుకున్నాను.