వీరంకి గారు ఇంట్లో లేరు

"సార్, వీరంకి గారు తాళం వేసుకుని ఎక్కడికెళ్ళారండీ?"

పదకొండు రోజుల్లో ఇది నాలుగో ఫోను. గొంతులు నాలుగు, ప్రశ్న ఒకటే. మా అబ్బాయి డాలస్‌లో కూర్చుని నా మీద బెంగతో బీపీ మిషను ఆర్డరు పెట్టాడు. అది ఉయ్యూరు దాకా వస్తుంది, వెనక్కి పోతుంది. కారణం రాసే చోట రెండే మాటలు: 'డోర్ లాక్'. మిషను రాకుండానే నా బీపీ ఎంతుందో వీధందరికీ తెలిసిపోతోంది.

"అమ్మా, వీరంకి మనిషి కాదు. వీరంకిలాకు మా ఊరు. పామిడిముక్కల మండలం, కృష్ణా జిల్లా."

"అదే సార్, ఇక్కడ వీరంకి, పక్కన లాక్ అని ఉంది. ముక్కల అంటే పీసెస్సా సార్?"

ఏం చెప్పను? పొద్దున్నే వసారాలో పడక్కుర్చీ వేసుకుంటే భోజనానికి తప్ప లేవని వాణ్ణి నేను. అంత నిక్షేపంగా ఇంట్లో కూర్చున్నవాణ్ణి పట్టుకుని తాళం అంటారా? అబ్బాయి సలహా మీద అడ్రసులో 'లాకు' తీసేసి 'లాకులు' అని పెట్టించాం. ఈసారి 'డోర్ లాక్స్' అని వచ్చింది.

తప్పు ఆ పిల్లది కాదులెండి, ఆ మాటది. తాళానికీ లాకే, తుపాకీ పేల్చే మరకూ లాకే, కుస్తీలో మెడ పట్టుకుని వదలకపోయినా లాకే. ముంగురులు కూడా లాకేనట, అయితే అది వేరే మాటనీ, రూపాలు కలిశాయంతేననీ పండితులు అంటారు. స్టేషన్లో లాకప్పు, బ్యాంకులో లాకరు, ఫ్యాక్టరీకి లాకౌటు, 2020లో దేశం మొత్తానికి లాక్‌డౌను. ఆడవాళ్ళ మెళ్ళో లాకెట్టుదీ ఈ వంశమే. ఫ్రెంచి వాళ్ళింట్లో చిన్న గడియగా బతికి, గొలుసుకెక్కి మన దగ్గరికొచ్చింది.

ఇన్ని అర్థాలున్న మాటకి మేం పట్టుకున్నది ఒక్కటే. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పని 1852లో మొదలై 1855కి పూర్తయింది. బందరులో కొన్నాళ్ళు కొలువు చేసి వెళ్ళిన బ్రౌను దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయిందీ 1852లోనే. ఒకే ఏడాది ఒక దొర కృష్ణకి అడ్డం పడితే, ఇంకో దొర తెలుగుకి అడ్డం పడ్డాడు. రెంటికీ దిగువన ఉన్నది మేమే. ఆనకట్ట నుంచి కాలువలొచ్చాయి, కాలువల్లో పడవలొచ్చాయి, పడవలకి లాకులొచ్చాయి. పడవ లాకులో దూరగానే వెనక తలుపులు మూస్తారు. లోపలి నీళ్ళు దిగువ మట్టానికి దిగాక ముందు తలుపులు తీస్తారు. ఎదురొచ్చే పడవైతే నీళ్ళు నింపి పైకెత్తుతారు. పడవకి మెట్లన్నమాట. పడవలు పోయాయి, మాట మిగిలింది. సార్వా నారుమళ్ళ వేళ "లాకులెత్తారా?" అని ఇక్కడి రైతు అడిగితే నీళ్ళు వదిలారా అని. లోకమంతా లాకంటే మూసేది. మాకు తెరిచేది. శివారు పొలాల వాళ్ళని అడిగితే మాత్రం మూసేదనే చెబుతారు, వాళ్ళ దాకా నీళ్ళొచ్చిన ఏడాది తక్కువ.

ఇంగ్లీషు వాడి మాటల దరిద్రం చూసి నవ్వబోయి, మన తాళం దగ్గర నోరు మూసుకున్నాను. వేసేదీ తాళమే, తీసేదీ తాళమే. "తాళాలేవీ?" అని మా ఆవిడ అడిగితే ఇనప గుత్తి ఇవ్వాలి, భజనలో పంతులుగారు అడిగితే కంచువి ఇవ్వాలి. తాడిచెట్టు తాళం, దాని ఆకు తాళపత్రం. గడియ తలుపుకి వేసేదీ అవుతుంది, ఇరవై నాలుగు నిమిషాలూ అవుతుంది.

సరే, ఇవన్నీ ఓర్చుకోవచ్చు. తాళంకప్ప సంగతేమిటి? పదకొండు రోజుల్లో తొమ్మిది రోజులు దీనికే పోయాయి. తలుపుకి వేలాడేది కప్ప. దాన్ని తీసేది చెవి. కప్పకి బయటికి పొడుచుకొచ్చే చెవి లేదు. లేని చెవిని మనవాళ్ళు ఇనుముతో చేసి, అది కప్పకి పెట్టకుండా బొడ్లో దోపుకుని ఊళ్ళు తిరిగారు. పోనీ ఆ చెవిని తెచ్చి తల పక్కన పెడతారా అంటే కడుపులో దూరుస్తారు. "బుగ్గలు పూరించి తలుపుకి కరుచుకుని ఉంటుంది కాబట్టి కప్ప" అని మా ఆవిడ తీర్మానం. మరి చెవో అన్నాను. "మా అయ్యవారు చెవి మెలిపెడితేగానీ నేను నోరు తెరిచేదాన్ని కాదు. దానికీ అంతే" అంది. ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం నాకే నిఘంటువులోనూ దొరకలేదు. అయినా ఒప్పుకోకుండా ఇంకో మూడు రోజులు వాదించాను. బీపీ మిషను లేని ఇంట్లో ఏదో ఒకటి కొట్టుకోవాలిగా.

పన్నెండో రోజు మధ్యాహ్నం బండి చప్పుడైంది. ఇరవై ఏళ్ళ కుర్రాడు, వీపు మీద తనకంటే పెద్ద సంచి. కడిగేద్దామని లేచాను.

"రెండు సార్లు వచ్చానండీ బాబాయ్ గారూ," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "వీధి మొదట్నుంచీ వరసగా అయిదిళ్ళకు కప్పలే వేలాడుతున్నాయి. ఇదీ అంతేలెమ్మని ఇంత దూరం రాలేదు."

నాకు కోపం రాలేదు. మంచినీళ్ళిచ్చాను.

ఆ అయిదిళ్ళ చెవులూ మా గోడకున్న మేకుకే ఉన్నాయి. చికాగో ఒకటి, సిడ్నీ ఒకటి, హైదరాబాదు రెండు. అయిదోది ఎవరు తీసుకోవాలో కోర్టులో తేలలేదు. వానాకాలంలో పదిహేను రోజులకోసారి వెళ్ళి కప్పల నోట్లో రెండేసి చుక్కలు కొబ్బరినూనె పోసొస్తాను, తుప్పు పట్టకుండా. చికాగో వాళ్ళ తలుపు తీసినప్పుడల్లా గోడగడియారం కింద ఒక చెప్పుల జత కనిపిస్తుంది. ముసలాయనవి. తీయమని ఎవరూ చెప్పలేదు, నేనూ తీయలేదు.

సాయంత్రం మా ఆవిడకి అనుమానమొచ్చింది: "మనింటికి అసలు కప్ప ఉందా?" అటక మీద వెతికితే ఇత్తడిది దొరికింది. చెవి దొరకలేదు. కొత్తది కొందామా అంది. ఇప్పుడెందుకులే అన్నాను.

రాత్రి అబ్బాయి ఫోన్ చేసి, "నాన్నా, ఎలా ఉంది?" అన్నాడు.

"తెరిచే ఉందిరా," అన్నాను.

వాడడిగింది బీపీ గురించి.