సౌండ్ లేని సొంతడబ్బా

జీడిమెట్లలో వాల్వులు తయారుచేసే ఓనరు గారొకరు ఉన్నారనుకుందాం. గేట్ వాల్వులు, గ్లోబ్ వాల్వులు, బాల్ వాల్వులు. పాతికేళ్లుగా అదే పని. ఆయన సరుకంతా బాయిలర్ల పక్కనా, ఫార్మా కంపెనీల పైపుల మధ్యనా, ఎవరూ తలెత్తి చూడని మూలల్లో ఉంటుంది. పనిచేస్తున్నంత కాలం వాల్వనేది ఒకటి ఉందని ఎవరికీ గుర్తుండదు. లీకైన రోజున మాత్రం పర్చేజ్ మేనేజర్ మొదలు ప్లాంట్ హెడ్ దాకా అందరికీ ఆయన ఫోన్ నంబరు నోటికొచ్చేస్తుంది.

ఇంత నిక్షేపంగా బతుకుతున్న మనిషికి ఈ మధ్య నిద్ర కరువైంది. కారణం, పక్క షెడ్డాయన లింక్డ్‌ఇన్‌లో వీడియో యాడ్ వేయించాడు. దానివల్ల ఆయనకు ఆర్డర్లు పెరిగాయో లేదో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు కూడా. కానీ ఏదో పెళ్లిలో బావమరిది ఎదురొచ్చి, "మీ పక్కాయన వీడియో చూశాను బావగారూ, డ్రోన్‌తో తీశారు. మనదెప్పుడు?" అన్నాడు. అంతే. ఇక ఖర్చు గురించి ఆలోచించే ఓపిక ఏ పారిశ్రామికవేత్తకుంటుంది?

మాదాపూర్ నుంచి ఏజెన్సీ కుర్రాడు ల్యాప్‌టాప్ సంచితో దిగాడు.

"మీ బ్రాండ్ స్టోరీ ఏంటి సార్?"

"స్టోరీ ఏముంది బాబూ. కాస్టింగులు తెస్తాం, మెషినింగ్ చేస్తాం, హైడ్రో టెస్టు చేసి పంపిస్తాం. డబ్బులు మూణ్ణెల్లకో ఆర్నెల్లకో వస్తాయి."

కుర్రాడు శ్రద్ధగా విని నోట్‌బుక్‌లో 'ప్యాషన్, జర్నీ, ట్రస్ట్' అని రాసుకున్నాడు. ఓనరు గారు చెప్పినదాంట్లో ఈ మూడూ ఎక్కడున్నాయో వెతకడం మన పని కాదు. అందుకే అతను మాదాపూర్‌లో ఉన్నాడు, మనం ఇక్కడున్నాం.

షూటింగు రోజున ఫ్యాక్టరీకి పండగొచ్చింది. కొత్త పసుపు హెల్మెట్లు కొన్నారు, రేటు స్టిక్కర్లు పీకడం మరిచిపోయారు. నిప్పురవ్వలు ఎగరకపోతే ఇండస్ట్రీ వీడియో కాదన్నాడు కుర్రాడు. వాల్వుల మెషిన్ షాపులో అంత వెల్డింగ్ ఉండదంటే, పక్క షెడ్డునుంచే వెల్డర్‌ని అరగంటకు అరువు తెచ్చారు. గాజు బోర్డు మీద బాణం గుర్తులు గీస్తూ గంభీరంగా కనిపించే అమ్మాయి హెచ్‌ఆర్. ఆవిడ గీసినవి పండగ సెలవులు. స్లో మోషన్‌లో ఓనరు గారితో చెయ్యి కలిపిన విదేశీ కొనుగోలుదారు లాంటి ఆసామీ ఎవరో కాదు, ఎకౌంటెంటే. కోటు తన పెళ్లిది. అమెరికాలో ఎంఎస్ చేసొచ్చిన ఓనరు గారబ్బాయి రెండు చేతులూ కట్టుకుని అడ్డంగా నిలబడి, తల మాత్రం నెమ్మదిగా కెమెరా వైపు తిప్పాడు. మొత్తం 30 సెకన్లు. వెనక వీరరసం ఉట్టిపడే సంగీతం. వాల్వు ఒకటిన్నర సెకను కనిపించింది, అదీ ఫోకస్ తప్పి.

ఇప్పుడు ఈ కళాఖండం వెళ్లే చోటు గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. లింక్డ్‌ఇన్ 2003 మేలో మొదలైంది. చాన్నాళ్లపాటు అది ఉద్యోగం మారాలనుకునేవాళ్లు మాత్రమే గుట్టుగా తిరిగే వీధి. 2016లో మైక్రోసాఫ్ట్ దాన్ని 26.2 బిలియన్ డాలర్లకు కొంది. కొన్నప్పుడు మైక్రోసాఫ్ట్ సీఈవో మన సత్య నాదెళ్లే, బేగంపేటలో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివినాయన. కాబట్టి ఇందులో మన హైదరాబాద్ చెయ్యి లేదనడానికి వీల్లేదు. 2017లో సభ్యులు వీడియోలు పెట్టుకోవచ్చన్నారు. మరుసటేడు వీడియో యాడ్లు అమ్మడం మొదలుపెట్టారు. 24 గంటల్లో మాయమయ్యే స్టోరీలు కూడా 2020లో తెచ్చి, మరుసటేడే ఎత్తేశారు. మన దేశంలో టిక్‌టాక్‌ని 2020 జూన్‌లో నిషేధించారు గదా, అక్కడ గంతులేసినవాళ్లను చూసి 'ఈ దేశం ఏమైపోతోంది' అని బెంగపడిన పెద్దమనుషులంతా లింక్డ్‌ఇన్‌లోనే ఉండేవారు. 2024లో లింక్డ్‌ఇన్ కూడా నిలువు వీడియోలు, వేలితో పైకి తోస్తే ఇంకోటి వచ్చే ఏర్పాటు మొదలుపెట్టింది. పెద్దమనుషులిప్పుడు బ్లేజర్లు వేసుకుని తోస్తున్నారు. దాన్ని లెర్నింగ్ అంటున్నారు.

సభ్యుల సంఖ్య 100 కోట్లు దాటింది. అమెరికా తర్వాత ఎక్కువమంది మనవాళ్లే. ఇంతమందిలో ఓనరు గారి వీడియోని ఎందరు చూశారన్నది కదా ప్రశ్న. అందుకు ముందు చూడ్డం అంటే ఏమిటో తేల్చాలి. వీడియోలో కనీసం సగం తెరమీద ఉండి, ఏకబిగిన రెండు సెకన్లు నడిస్తే లింక్డ్‌ఇన్ దాన్ని ఒక 'వ్యూ' కింద రాసుకుంటుంది. ఇది ఒక్క లింక్డ్‌ఇన్ పైత్యం కాదు. ఇంటర్నెట్ వీడియో యాడ్లకు అమెరికాలో కొలతలు పెట్టే సంస్థలు 2014లో ఒప్పుకున్న హద్దే అది. సగం తెర, రెండు సెకన్లు. తిరుమలలో స్వామి ముందు మనకు దక్కేదీ దాదాపు అంతే, కానీ అక్కడ భక్తుడు కళ్లప్పగించి చూస్తాడు, ఎవరో వెనకనుంచి తోస్తే గాని కదలడు. ఇక్కడ తోసుకునేది చూసేవాడే.

పైగా ఆ వీడియో ఫీడ్‌లో సౌండ్ లేకుండా తనంతట తానే నడుస్తుంది. కాబట్టి కుర్రాడు రెండు రోజులు వెతికి లైసెన్సు కొన్న వీరరస సంగీతం ఎవరికీ వినిపించలేదు. ఓనరు గారు తొమ్మిది టేకుల్లో చెప్పిన "క్వాలిటీ ఈజ్ అవర్ ప్రామిస్" కూడా అంతే. ఆఫీసు క్యాబిన్‌లో కూర్చుని ఫోన్ చూసుకునే మేనేజరుకు కనిపించింది ఏమిటంటే, హెల్మెట్టు పెట్టుకున్న ఒక పెద్దాయన చేతులు ఊపుతూ దేనికో బాధపడుతున్నాడు. కింద అక్షరాలు వేయించమని లింక్డ్‌ఇన్ వాళ్లే సలహా ఇస్తారు. ఏజెన్సీ వాళ్లు దానికి వేరే చార్జీ అన్నారు, ఓనరు గారు అక్కడ పొదుపు చేశారు.

మొత్తం చూసినవాళ్ల లెక్క ఇంకో ముచ్చట. వీడియోలో 97 శాతం దాటితే పూర్తిగా చూసినట్టే. 30 సెకన్ల దాంట్లో 97 శాతమంటే 29.1 సెకన్లు. మిగిలిన 0.9 సెకనులో ఏముందయ్యా అంటే, నల్లటి తెరమీద కంపెనీ పేరు, ఫోన్ నంబరు.

సరే, ఈ లెక్కలైనా నికరమా అంటే, 2020 నవంబరులో లింక్డ్‌ఇన్ తానే ఒక సంగతి బయటపెట్టింది. కొలతల్లో రెండు లోపాల వల్ల యాడ్ల ఇంప్రెషన్లూ వీడియో వ్యూలూ ఉన్నదానికన్నా ఎక్కువగా చూపించి ఉండొచ్చని. రెండేళ్లకు పైబడిన కాలంలో 4 లక్షల 18 వేలకు పైగా కస్టమర్ల మీద ఆ ప్రభావం పడి ఉండొచ్చట. అందులో 90 శాతానికి మించినవాళ్లకు తేడా 25 డాలర్ల లోపేనని ఊరడించి, డబ్బు సర్దుబాటు చేస్తామన్నారు. తనంతట తాను చెప్పినందుకు మెచ్చుకోవాలి. ఫేస్‌బుక్ ఇలాంటి వీడియో లెక్కల గొడవలోనే కోర్టుదాకా వెళ్లి, 2019లో 4 కోట్ల డాలర్లకు రాజీపడింది. మన బజారులో తూకంలో తేడా వస్తే తూనికలు కొలతల శాఖవాళ్లు ముద్ర లేని కాటా పట్టుకెళ్తారు. ఈ బజారులో కాటా, సరుకు, రసీదు మూడూ అమ్మేవాడివే.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. లింక్డ్‌ఇన్‌కు ఇతరులకు లేని సొత్తు ఒకటుంది. ఎవరు ఏ కంపెనీలో ఏ హోదాలో ఉన్నారో దానికి తెలుసు. ఫలానా పరిశ్రమలో, ఫలానా స్థాయి మనుషులకే యాడ్ చూపించమంటే చూపిస్తుంది. క్లిక్ ధర మిగతా చోట్లకన్నా మండిపోయేది అందుకే. ఫార్మా ప్లాంట్లలో పర్చేజ్ చూసేవాళ్లకు నేరుగా సరుకు చూపించగలగడం చిన్న విషయం కాదు. చిక్కెక్కడంటే, ఆ హోదాలు ఎవరికి వారు రాసుకున్నవి. కుర్రాడు 'డైరెక్టర్, ఫౌండర్' అని నొక్కాడు. నిర్ణయాలు తీసుకునేవాళ్లు వాళ్లే గదా అని. హైదరాబాద్‌లో లింక్డ్‌ఇన్ తెరిస్తే డైరెక్టరు కానివాడు కనపడటం కష్టం. అమీర్‌పేటలో కోచింగ్ ముగించుకుని, ఉద్యోగం వచ్చేలోగా ఖాళీగా కనపడకూడదని సొంత కంపెనీకి ఫౌండరైన కుర్రాళ్లు వేలల్లో ఉంటారు. ఓనరు గారి బాయిలర్ వాల్వు వాళ్లందరి తెరలమీదా రెండేసి సెకన్లు మెరిసింది. నిజంగా వాల్వులు కొనే పర్చేజ్ అసిస్టెంటు తన హోదా 'అసిస్టెంట్' అని నిజాయితీగా రాసుకున్నాడు. అతనికి ఏమీ కనిపించలేదు.

నెల తిరిగింది. రిపోర్టు వచ్చింది. రంగురంగుల గ్రాఫులన్నీ పైకే పోతున్నాయి. ఆర్డర్లు మాత్రం ఎప్పటిలాగే పాత కస్టమర్లవి.

"మరి వ్యాపారం ఏదయ్యా?"

ఇక్కడే కుర్రాడు బ్రహ్మాస్త్రం తీశాడు. తొంభై అయిదు-అయిదు సూత్రం. ఆస్ట్రేలియాలో ఎరెన్‌బర్గ్-బాస్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన జాన్ డాస్ అనే ప్రొఫెసర్ చెప్పింది. ఏ సమయంలోనైనా వ్యాపార కొనుగోలుదారుల్లో 95 శాతం మంది అసలు కొనే ఆలోచనలోనే ఉండరు, కొనబోయేది 5 శాతమే అని. కంపెనీలు అయిదేళ్లకోసారి సప్లయర్‌ను మారుస్తాయనుకుంటే, ఏడాదికి 20 శాతం, మూణ్ణెల్లకు 5 శాతం. లెక్క తేలికే. ప్రొఫెసర్ గారు చెప్పిన మాటలో పస లేకపోలేదు. లీకవ్వని వాల్వును ఎవడు మారుస్తాడు? ఇవాళ పేరు వినిపించి ఉంచితే రేపు లీకైనప్పుడు గుర్తొస్తుంది, యాడ్ పని అది, అంటాడాయన. తప్పేం లేదు. ఆ పరిశోధనను ప్రచారంలోకి తెచ్చింది లింక్డ్‌ఇన్ వాళ్ల సొంత బీటూబీ ఇన్‌స్టిట్యూటే కావడం కూడా తప్పేం కాదు, ఎవరి దుకాణం ముందు వారు దీపం పెట్టుకుంటారు.

కానీ ఈ సూత్రం ఏజెన్సీ చేతిలో పడ్డాక దాని మహిమే వేరు. ఆర్డరు వస్తే వీడియో వల్లే వచ్చింది. రాలేదంటే, చూసినవాళ్లు ఆ 95 శాతం తాలూకు, అయిదేళ్లు ఆగాలి. అయిదేళ్లకు కుర్రాడు దుబాయ్‌లో ఉంటాడు. ఓటమి అన్నదే లేని ఇలాంటి ఉద్యోగం ఇదివరకు మనకు జాతకాలు చెప్పేవాళ్లకు మాత్రమే ఉండేది.

యాడ్ కింద ఒక ఫారం కూడా పెట్టారు. నొక్కితే పేరు, ఈమెయిలు, కంపెనీ అన్నీ ప్రొఫైల్ నుంచి వాటంతటవే నిండిపోతాయి. మనిషి ఒక్క అక్షరం టైపు చెయ్యక్కర్లేదు. కాబట్టి చెయ్యకుండానే వచ్చాయి లీడ్లు. ఓనరు గారు స్వయంగా ఫోన్లు చేశారు. మొదటతను, "వేకెన్సీ ఏమైనా ఉందా సార్, డిప్లొమా మెకానికల్" అన్నాడు. రెండో ఆయన కీమాన్ ఇన్సూరెన్సు గురించి మాట్లాడదామన్నాడు. మూడో ఆయన ఈమెయిలు ఇంటర్ చదివే రోజుల్లో పెట్టుకున్నది, అందులో ఒక హీరో పేరూ 143 అంకే ఉన్నాయి, ఉత్తరం తిరిగొచ్చింది. నాలుగో ఆమె గొంతు చాలా మర్యాదగా ఉంది. "మీ వీడియో చూశాం సార్, చాలా బాగుంది. దీనికన్నా తక్కువలో మేం చేసిపెడతాం."

మరి లైకులు? దండిగా వచ్చాయి. ఫ్యాక్టరీ స్టాఫంతా లైకు కొట్టాలని హెచ్‌ఆర్ సర్క్యులర్ పంపింది. నైట్ షిఫ్టు టర్నర్లకు అకౌంట్లు లేకపోతే క్యాంటీన్‌లో కూర్చోబెట్టి తెరిపించింది. అకౌంటు తెరిచిన నెలలోపు వాళ్లలో ఇద్దరికి పటాన్‌చెరులో మెరుగైన ఉద్యోగాలు వచ్చాయి. ఈ మొత్తం ప్రచారంలో తిరుగులేని ఫలితం ఏదైనా ఉందంటే అదే.

ఇదంతా జరుగుతున్నప్పుడు టెస్ట్ బెడ్ దగ్గర క్యూసీ ఫోర్‌మన్ తన ఫోన్‌లో ఒక వీడియో తీసి ఉంచుకున్నాడు. వాల్వును బిగించి, దాని రేటింగ్‌కు ఒకటిన్నర రెట్ల ప్రెషర్ ఎక్కించి, గేజ్ ముల్లు మీద కెమెరా పెట్టాడు. ముల్లు కదల్లేదు. బాడీ మీద ఒక్క చుక్క లేదు. మాటల్లేవు, సంగీతం లేదు, అక్కర్లేదు కూడా. పర్చేజ్ ఇంజినీర్లు ఆగి చూసేది, చూసి టెస్ట్ సర్టిఫికెట్ పంపమని అడిగేది అలాంటిదాన్నే. కుర్రాడు దాన్ని చూసి, "విజువల్‌గా డల్ సార్, స్టోరీ లేదు" అన్నాడు. ఓనరు గారబ్బాయి, "నేనెక్కడా కనపడలేదు" అన్నాడు. రెండో అభ్యంతరమే బలమైనది. సౌండ్ లేకపోయినా, కొనేవాడు చూడకపోయినా, ఇంట్లోవాళ్లూ వియ్యాలవారూ పక్క షెడ్డాయనా ఆ వీడియోను పూర్తిగా, సౌండుతో, మళ్లీ మళ్లీ చూశారు. డబ్బు పెట్టింది ఆ ప్రేక్షకుల కోసమేనని బాహాటంగా ఒప్పుకుంటే, ఇంతకన్నా గిట్టుబాటయ్యే యాడ్ ఇంకోటి లేదు.

చివరికి ఏజెన్సీ బిల్లు వచ్చింది. ఓనరు గారు అలవాటుగా, "అలాగే బాబూ, 90 రోజులకు వేయిస్తా" అన్నారు.

"మాకు చిన్న పరిశ్రమల ఉద్యం రిజిస్ట్రేషన్ ఉంది సార్. 2006 చట్టం ప్రకారం 45 రోజులు దాటకూడదు. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ."

ఓనరు గారు కాసేపు మాట్లాడలేదు. ఆ రిజిస్ట్రేషన్ తనకూ ఉంది. గేటు పక్కన ఫ్రేము కట్టించి మరీ పెట్టారు. ఈ మాట ఇన్నేళ్లలో ఏ కస్టమరుతోనూ అనడానికి నోరు రాలేదు.

"బాబూ, ఇప్పుడు నువ్వు చెప్పావే, అది వీడియో తియ్యి. డ్రోన్ వద్దు, నిప్పురవ్వలు వద్దు. పదిహేను సెకన్లు చాలు. కింద అక్షరాలు వెయ్యి, చార్జీ ఇస్తాను. మనకు బాకీ ఉన్న కంపెనీల్లో, ఎకౌంట్స్‌లో పనిచేసేవాళ్లకు తప్ప ఇంకెవరికీ కనపడకూడదు. అవుతుందా?"

"అవుతుంది సార్, కంపెనీ పేర్లు ఇస్తే చాలు. కాకపోతే అందరూ కలిపి కనీసం 300 మంది తేలాలి. లేకపోతే సిస్టం తీసుకోదు."

ఓనరు గారు ఎకౌంటెంటును కేకేసి బాకీల లిస్టు తెమ్మన్నారు. కుర్రాడు ఒక్కో కంపెనీ పేరూ కొట్టుకుంటూ పోయాడు. మొదటి పేజీ సగానికి వచ్చేసరికి, "చాలు సార్" అన్నాడు.