సోఫాకు ఎదురుగా హోర్డింగు

హైదరాబాద్ రోడ్ల మీద ఆకాశాన్నంటే హోర్డింగులు మునుపటిలా కనబడటం లేదని బెంగ పెట్టుకున్నవాళ్ళకు ఓ కబురు. నేలకు 15 అడుగుల పైన ప్రకటన బోర్డులు ఉండరాదని 2020 ఏప్రిల్‌లో ప్రభుత్వం జీవో ఇచ్చింది. మంచి జీవోనే. గాలిదుమారం లేస్తే ఏ బోర్డు ఎవరి నెత్తిన కూలుతుందో అన్న భయం కొంత తగ్గింది. కానీ రాసినవాళ్ళు ఓ సందు వదిలేశారు. నాలుగు గోడల మధ్య, సోఫాకు సరిగ్గా ఎదురుగా బిగించే వాటి ఊసు అందులో లేదు. ఆ సందులోంచే కొండాపూర్‌లో, నల్లగండ్లలో, మణికొండలో, కోకాపేటలో ముప్పయ్యో అంతస్తు దాకా ఇంటికో హోర్డింగు ఎక్కి కూర్చుంది. దాన్ని మనం ముద్దుగా స్మార్ట్ టీవీ అంటున్నాం.

టేపు పెట్టి కొలవండి. 55 అంగుళాల టీవీ తెర వెడల్పు నాలుగడుగులు, ఎత్తు రెండుంబావు. వెరసి తొమ్మిది చదరపు అడుగులు. గచ్చిబౌలిలో చదరపు అడుగు ధర తెలిసిన వాళ్ళెవరూ ఈ లెక్కను చిన్నచూపు చూడరు. మెట్రో స్తంభానికి ప్రకటన కడితే మెట్రోకు డబ్బొస్తుంది. బస్సు వెనక అతికిస్తే ఆర్టీసీకొస్తుంది. ఊళ్ళో రోడ్డు పక్క ఇంటి గోడ మీద సిమెంటు కంపెనీవాడు పేరు రాసుకుంటే, ఇంటాయనకు రంగుల ఖర్చైనా మిగులుతుంది. మన తొమ్మిది చదరపు అడుగుల దగ్గరికొచ్చేసరికి గోడ మనది, టీవీ మనది, ఈఎంఐ మనది, కరెంటు మనది, వైఫై మనది. ప్రకటన డబ్బు ఇంకెవరిదో.

ఇందులో తమాషా ఏమిటంటే, ఈ లెక్కల్లో మన గేటెడ్ కమ్యూనిటీల వాళ్ళను మించినవాళ్ళు లేరు. లిఫ్టులో పోస్టరు అంటించడానికి స్కూలువాడొస్తే నెలకెంత, ఆదివారం పూట క్లబ్‌హౌస్ ముందు కారు కంపెనీ స్టాలు పెడితే పూటకెంత అని అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో అర్ధరాత్రి దాకా యుద్ధాలు జరుగుతాయి. ఐదు వేలు తగ్గించాడని కోశాధికారి రాజీనామా చేసిన సందర్భాలు కూడా వింటుంటాం. ఆ యుద్ధం ముగించుకుని ఇంట్లోకొచ్చి, టీవీ వేసి, అదే కారు ప్రకటనను దమ్మిడీ అద్దె లేకుండా చూసి పడుకుంటారు.

టీవీ వేయడం అన్నాను గానీ, ఆ మాటకిప్పుడు అర్థం మారింది. మీట నొక్కగానే బొమ్మ రాదు. ముందు కంపెనీ గుర్తు తీరిగ్గా వెలుగుతుంది. ఆపైన సగం తెరను ఆక్రమించి ఓ ఫోన్ ప్రకటన, దాని కింద ‘మీ కోసం’ అంటూ ఓ వరస. అందులో మనం జన్మలో చూడని రియాలిటీ షో ఒకటి, భాష తెలియని సినిమా మూడు. ఇంకాస్త కిందకు దిగితే ఫలానా యాప్‌కు చందా కట్టమని బతిమాలే వరస. మనకు కావలసింది తొమ్మిది గంటల వార్తలు. అవి సెట్‌టాప్ బాక్సులో ఉన్నాయి. సెట్‌టాప్ బాక్సు హెచ్‌డీఎంఐ ఒకటిలో ఉంది. హెచ్‌డీఎంఐ ఒకటి ఏ మెనూలో ఉందో కనుక్కునేసరికి వార్తలు వాతావరణం దాకా వచ్చేస్తాయి. రిమోట్ మీద అంకెలు లేవు. అంకెలుండాల్సిన చోట నాలుగు ఓటీటీ కంపెనీల పేర్లతో నాలుగు మీటలున్నాయి. నాలుగు ఛానళ్ళకు పోవడానికి కావవి, నాలుగు దుకాణాలకు దారులు.

నోటితో చెబితే వింటుందన్నారు కదా అంటారు. వింటుంది. ‘ఘంటసాల పాటలు’ అని అడిగితే ఏదో వంటల కార్యక్రమం వెతికి పెట్టింది మా ఇంట్లో. ఉచ్చారణ బాగా లేదేమోనని మా ఇంటి పెద్దాయన గొంతు సవరించుకుని మళ్ళీ అడిగారు. ఆయన నలభై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పిన మనిషి. ఆ మాటకొస్తే నానక్‌రామ్‌గూడలో 2019 ఆగస్టులో తెరిచిన అమెజాన్ కార్యాలయ భవనం, ప్రపంచంలో ఆ కంపెనీకున్న అన్ని భవనాల్లోకీ పెద్దదట. తొమ్మిదిన్నర ఎకరాలు, 15 వేల మంది పట్టే చోటు. సరిగ్గా ఆ మరుసటి నెలలోనే, నోటి మాట వినే వాళ్ళ అలెక్సా హిందీ నేర్చింది. ఆ భవనం ముందు టీ కొట్టు దగ్గర నిలబడితే చెవిన పడే భాష మాత్రం ఆమెకింకా రాలేదు.

ఈ నగరానికి టీవీ కొత్తదైతే ఇదంతా సరిపెట్టుకోవచ్చు. కాదే. 1967లో పుట్టిన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్ ఇక్కడిదే. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చూపించిన ‘సైట్’ ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2400 ఊళ్ళు. ఆ ఊళ్ళకు వెళ్ళిన సెట్లు తయారైంది కుషాయిగూడ పక్కన, ఆ ఈసీఐఎల్‌లోనే. కోళ్ళ గూళ్ళకు వాడే ఇనుప వలతో చేసిన పదడుగుల గొడుగు యాంటెన్నా, దాని కింద ఓ సెట్టు, ముందు ఊరంతా. వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లలకు పాఠాలు. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం వచ్చాక వాళ్ళ ఈసీ టీవీ మధ్యతరగతి ముందుగదుల్లోకి నడిచొచ్చింది. ఆ రోజుల్లో టీవీ కొంటే పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టాలి. 1980ల మధ్యలో ఎత్తేశారు. సర్కారు పెత్తనం అంటూ ఆ లైసెన్సును తిట్టని వాళ్ళు లేరు. ఆ పుస్తకంలో మీ పేరూ చిరునామా రాసి ముద్ర కొట్టేవారంతే. నిన్న రాత్రి ఏం చూశావు, ఎంతసేపు చూశావు, మధ్యలో లేచి ఎక్కడికెళ్ళావు అని ఏ పోస్టుమాస్టరూ అడగలేదు.

ఇప్పుడు అడుగుతున్నారు. కాదు, అడగకుండానే చూస్తున్నారు. తెర మీద కదులుతున్న బొమ్మలోంచి కొన్ని చుక్కలు ఏరి పంపి, తమ దగ్గరున్న జాబితాతో పోల్చి, మీరు చూస్తున్నది ఏమిటో టీవీ కంపెనీ పోల్చుకుంటుంది. కేబుల్ పెట్టె ద్వారా వచ్చిందైనా, మీరు పెట్టుకున్న సినిమా డీవీడీ అయినా ఆ చుక్కలకు తేడా లేదు. అమెరికాలో విజియో అనే టీవీ కంపెనీ 1.1 కోట్ల టీవీల్లో, చూసేవాళ్ళకు సరిగా చెప్పకుండా, సెకను సెకనుకూ ఈ పని చేసిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2017 ఫిబ్రవరిలో ఆ కంపెనీ 22 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. భాగిస్తే టీవీకి ఇరవై సెంట్లు. ఆ తర్వాత సిగ్గుపడి మానేసిందనుకుంటున్నారా? 2021 నాటికి ఆ కంపెనీకి టీవీలు అమ్మితే వచ్చే లాభం కంటే ప్రకటనల వ్యాపారంలో వచ్చే లాభమే ఎక్కువైంది. 2024 డిసెంబరులో వాల్‌మార్ట్ దాన్ని 230 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. వాల్‌మార్ట్ అంత డబ్బు పోసింది గాజు పలకల కోసం అనుకునేవాళ్ళకు నమస్కారం.

మన దగ్గర ఒప్పుదల తీసుకుంటారు లెండి. ఎలా తీసుకుంటారో చెబుతాను. ఊరి నుంచి వచ్చిన తల్లి మధ్యాహ్నం టీవీ పెడుతుంది. తెర మీద చీమల బారులాంటి ఇంగ్లీషు. కింద ‘ఒప్పుకుంటున్నాను’ అని నీలం రంగులో అరచేయంత మీట. పక్కన ‘తర్వాత’ అని బూడిద రంగులో, కంటి డాక్టరు గోడ మీది ఆఖరి వరసంత అక్షరాలు. ఆమె రాయదుర్గంలో ఆఫీసులో ఉన్న కొడుక్కి ఫోన్ చేస్తుంది.

“నాన్నా, ఇదేదో అడుగుతోందిరా. ఓకే కొట్టమంటావా?”

“మీటింగ్‌లో ఉన్నానమ్మా. కొట్టెయ్.”

అయిపోయింది. ఓ కుటుంబం తన సాయంత్రాలన్నిటినీ రాసిచ్చేసింది. ఇంతకీ ఆ మీటింగులో కొడుకు చేస్తున్న పనేమిటి? ఇంకేదో దేశంలో ఇంకో తల్లి చేత ఆ నీలం మీట మరింత తొందరగా నొక్కించాలంటే దాన్ని కుడి పక్కన పెట్టాలా, ఎడమ పక్కన పెట్టాలా అనే చర్చ అయ్యుండొచ్చు. 1998 నవంబరు 22న వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన రోజున మాదాపూర్ రాళ్ళ మధ్య నిలబడి మనం కన్న కలల్లో ఈ మీట రంగు ఉందో లేదో గుర్తు లేదు. లాప్‌టాప్ కెమెరా మీద స్టిక్కరు అంటించుకునే జాతి మనది. ఆఫీసులో ప్రతి క్లిక్కుకూ సెక్యూరిటీ ట్రైనింగ్. అదే మనిషి ఇంట్లో హాల్లో అర్ధ లక్ష పెట్టి కొన్న పరికరం అమ్మ చూసే సీరియల్ దగ్గర నుంచి అన్నీ రాసుకుంటుంటే ‘కొట్టెయ్’.

చందా కడితే ఈ బాధలుండవని కొన్నాళ్ళు నమ్మాం. ప్రైమ్ వీడియో 2025 జూన్ 17 నుంచి మన దేశంలో డబ్బు కట్టిన చందాదారులకూ ప్రకటనలు చూపించడం మొదలెట్టింది. అవి వద్దనుకుంటే ఏడాదికి మరో 699 రూపాయలు. అంటే మొదట కట్టింది లోపలికి రానివ్వడానికి, ఇప్పుడు కట్టేది లోపల వదిలేయడానికి.

దీనికి షాపువాడి నుంచి ఆర్థికవేత్త దాకా ఒకటే సమాధానం: టీవీలు ఎంత చవకయ్యాయో చూశారా? చూశాం. ప్రకటనల వల్లే చవకయ్యాయట. సరే, వాదన న్యాయంగానే ఉంది. అలాగైతే ఆ మాట డబ్బా మీద రాయండి. 2011లో అమెరికాలో అమెజాన్ తన కిండిల్‌ను రెండు ధరలకు అమ్మింది. ప్రకటనలతో ఒక ధర, లేకుండా కాస్త ఎక్కువ. కొనేవాడు ఆలోచించుకుని కొన్నాడు. మన టీవీ డబ్బా మీద 4కే ఉంది, డాల్బీ ఉంది, కరెంటు పొదుపు నక్షత్రాలున్నాయి. ‘ఇది జీవితాంతం మీకు సరుకులు అమ్ముతుంది’ అన్న నక్షత్రం ఒక్కటే లేదు. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 28 శాతం నుంచి 18కి తగ్గింది. ఆ పది శాతం ప్రభుత్వం వదులుకుంది. కంపెనీ తన హోర్డింగులో ఒక్క అంగుళం వదులుకోలేదు.

ఇంట్లో కుర్రాళ్ళ గేముల సంగతి ఇంతకంటే ముదిరింది. యూబీసాఫ్ట్ 2014లో ‘ది క్రూ’ అని ఓ కారు రేసుల ఆట అమ్మింది. పదేళ్ళు తిరక్కుండానే, 2024 మార్చి 31న, సర్వర్లు ఆపేసింది. డబ్బు పెట్టి కొన్న డిస్కు అలమరలో భద్రంగా ఉంది, ఆట లేదు. దేశదేశాల ఆటగాళ్ళు గోల పెట్టారు. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఓ చట్టం అమల్లోకొచ్చింది: డిజిటల్ సరుకు అమ్మేవాడు, నీకిచ్చేది వాడుకునే అనుమతేనని ముందే స్పష్టంగా చెప్పాలి. మనింట్లో పిల్లాడు నాలుగు వేలు పెట్టి ఆట ‘కొనుక్కున్నా’నంటే ఆ చట్టంలోని మాట చూపించండి.

టీవీకి కూడా అదే గతి. తెర పదేళ్ళు నిక్షేపంగా ఉంటుంది, ముందు బుర్ర పోతుంది. నాలుగేళ్ళకు ‘ఈ యాప్ ఈ పరికరంలో పనిచేయదు’ అంటుంది. ప్రకటనలకు మాత్రం ఎంత పాత బుర్రైనా చాలు, అవి చివరి ఊపిరి దాకా చక్కగా వస్తాయి. పాత టీవీ పాడైతే కోఠి గుజరాతీ గల్లీలో పార్టు దొరికేది, వీధి చివర మెకానిక్ సోల్డరింగ్ ఇనుముతో వచ్చి, ఓ టీ తాగి, బాగుచేసి పోయేవాడు. ఇప్పుడొచ్చే కుర్రాడు దూరం నుంచే చూసి “ప్యానెల్ పోయింది సార్, కొత్తది తీసుకోండి” అంటాడు. రిపేరు మన హక్కని 2022 డిసెంబరులో కేంద్రం ఓ పోర్టల్ కూడా తెరిచింది. హక్కు పోర్టల్లో ఉంది, ప్యానెల్ లేదు.

చట్టం బొత్తిగా నిద్రపోతోందని అనను. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, ఒప్పుదల అడిగే కాగితాన్ని ఇంగ్లీషులోనే కాదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే వీలుండాలి. అందులో తెలుగుంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీలు సర్దుకోవడానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. గేముకు అప్‌డేట్ రాత్రికి రాత్రే పంపగల వాళ్ళకు, ఒక పేజీని తెలుగులోకి మార్చడానికి ఏడాదిన్నర కావాలన్నమాట.

ఈలోగా పండక్కి టీవీ కొనబోతున్నవాళ్ళకు ఓ విన్నపం. షాపులో తిప్పుతున్న రంగు రంగుల చిలకల వీడియో ఆపించి, హోం స్క్రీన్ చూపించమనండి. ఇంటికొచ్చాక కేబుల్ చూడటానికి టీవీకి వైఫై అక్కర్లేదు కాబట్టి అవసరం పడేదాకా పాస్‌వర్డ్ ఇవ్వకండి. ఇచ్చారా, సెట్టింగుల్లో ప్రైవసీ కిందకెళ్ళి చూసిన సమాచారం, ఆసక్తిని బట్టి ప్రకటనలు లాంటి పేర్లున్న వాటన్నిటినీ ఆపేయండి. పేర్లు కంపెనీకో రకంగా ఉంటాయి, ఓపిగ్గా వెతకండి. అమ్మ ఫోన్ చేస్తే ‘సాయంత్రం వచ్చి చూస్తాను, అప్పటిదాకా ముట్టుకోకు’ అనండి. బిల్లు కట్టే ముందు కౌంటర్ దగ్గర ఒక్క ప్రశ్న వేయండి: ప్రకటనలు లేకుండా దీని ధర ఎంత? అమ్మేవాడికి జవాబు తెలీదు. పదిమంది అడిగితే మేనేజరుతో అంటాడు, వందమంది అడిగితే మేనేజరు కంపెనీతో అంటాడు. అడగండి.